తోడు కడ్డీ

డిసెంబరు 4, గురువారం ఉదయం 7:40. ట్యునీషియా రేవు పట్టణం స్ఫాక్స్‌లోని అల్ గాబా నూనె సహకార సంఘంలో నమూనాల గది తెరిచారు. బుధవారం మధ్యాహ్నం అందులో పెట్టిన మూడు సీసాలు లేవు. తలుపు విరగలేదు. తాళం పగలలేదు. గదికి కిటికీ లేదు.

అదే రోజు 9:20కి, కెర్కెన్నా దీవి నుంచి వచ్చిన పడవ దిగుతుండగా తాళాల మేస్త్రీ తయ్యిబ్ ట్రీకీని పోలీసులు పట్టుకున్నారు. ఆయన వయసు అరవై ఏడు. ఆ గదికి సోమవారం కొత్త తాళం వేసింది ఆయనే.

అరెస్టు చేసింది ఆర్థిక నేరాల విభాగం ఇన్‌స్పెక్టర్ సోఫియాన్ కమ్మూన్. శుక్రవారం ఉదయం కమిషనర్ ఆ ఫైలు తెప్పించుకుని, రెండుసార్లు చదివి, ఇన్‌స్పెక్టర్ నజీహా ఫెంద్రీ బల్ల మీద పెట్టాడు. నాలుగింటికి ముసలాయన్ని ప్రాసిక్యూటర్ ముందు నిలబెట్టాలని చెప్పాడు. ఆ తర్వాత ఆయన జైలుకు వెళతాడు. ఈలోపు ఒకసారి చూసి రమ్మన్నాడు.

నజీహా 12:50కి నమూనాల గది ముందు ఉంది. ఆమెతో పాటు ఇద్దరు ఉన్నారు. నూనె పరీక్షలు చేసే దొర్రా సెల్లామీ. సీసాలకు మూతలు బిగించి లక్క ముద్రలు వేసే గుమాస్తా ఫర్హాత్ ఘొర్బెల్.

"బుధవారం ఏం జరిగిందో మళ్లీ చెప్పండి," అంది నజీహా. "టైములతో సహా."

"పదింటికి ఆరో ట్యాంకు నుంచి నూనె తీశాను," అంది దొర్రా. "మూత తీయగానే అనుమానం వచ్చింది. మెషీన్‌లో పెట్టాను. అది ఆలివ్ నూనె ఒక్కటే కాదు, ఇంకేదో కలిపారు. మూడు సీసాలు నింపి 12:10కి ఇక్కడికి తెచ్చాను. ముద్ర వేసిన సీసా ఉంటేనే నా పరీక్షకు విలువ. ఉత్త కాగితం చూపిస్తే ఎవరూ నమ్మరు."

"ట్యాంకులో ఇంకా నూనె ఉంది కదా?"

"లేదు. బుధవారం సాయంత్రమే మిగతా ట్యాంకుల్లోకి తోడేశారు. నన్ను అడగలేదు."

"సీసాలు తెచ్చాక?"

"12:30కి భోజనానికి వెళ్లాను. 1:15కి వచ్చాను. మూడు సీసాలకూ ముద్రలు పడ్డాయి. లెక్కపెట్టి, తలుపు వేసి, తాళం వేశాను."

"మీరు లేని ముప్పావుగంట తలుపు తెరిచే ఉందా?"

"ఉంది. ఫర్హాత్ లోపల పని చేస్తున్నాడు."

"మీ తాళం చెవి?"

"తలుపుకే ఉంది. గది తెరిచి ఉన్నంతసేపు చెవి తలుపుకే ఉండాలి. ఆ రూలు పెట్టింది నేనే."

రెండో చెవి డైరెక్టరు బీరువాలో ఉంది. దాని కవరు విప్పలేదని కమ్మూన్ గురువారమే రాసి పెట్టాడు.

నజీహా ఫర్హాత్ వైపు తిరిగింది. అతనికి ముప్పై ఎనిమిదేళ్లు. పదకొండేళ్లుగా ఇదే పని.

"మూడు సీసాలకు ముద్రలు వేయడానికి ముప్పావుగంట పట్టిందా?"

"లక్క కరగాలి మేడమ్, ఆరాలి. మనం తొందరపెడితే అది వినదు."

"గదిలోంచి బయటికి వెళ్లావా?"

"అడుగు కూడా పెట్టలేదు."

"ఎవరైనా వచ్చారా?"

"ఎవరూ రాలేదు మేడమ్. అంతా భోజనాల టైము."

నజీహా తన సంచిలోంచి తాళం చెవుల గుత్తి తీసింది. గదికి వేసిన తాళం ఊళ్లో ఏ ఇనుప సామాన్ల కొట్లో అడిగినా దొరికే రకం. ఆమె ఇంట్లోనూ అదే రకం ఉంది. మొదటి చెవి లోపలికి వెళ్లింది గానీ తిరగలేదు. రెండోదీ తిరగలేదు. మూడోదాన్ని పెట్టి కొంచెం పైకీ కిందికీ ఆడించింది. తాళం తిరిగింది. తలుపు తెరుచుకుంది.

"ఇది మీకు ఎవరిచ్చారు?" అంది దొర్రా.

"ఎవరూ ఇవ్వలేదు. మా వంటింటి వెనక తలుపుది."

ఫర్హాత్ చేతిలోని రిజిస్టరు మూశాడు.

"స్క్రూడ్రైవర్ ఉందా?" అని నజీహా అడిగింది.

"లేదు మేడమ్," అన్నాడు ఫర్హాత్.

"ఎందుకు లేదు? నీ డ్రాయర్లో ఉందిగా, డబ్బాలు తెరిచేది," అంది దొర్రా.

అతను వెళ్లి తెచ్చాడు. తలుపు అంచున ఉన్న ఒకే ఒక పొడుగు స్క్రూ తీస్తే తాళం లోపలి ఇత్తడి సిలిండర్ జారి చేతిలోకి వచ్చింది. నజీహా దాన్ని ప్లాస్టిక్ సంచిలో వేసి, దొర్రా దగ్గర చెవి కూడా తీసుకుని, సంచి మీద సమయం రాసింది. 1:08.

*

స్టేషన్‌లో కమ్మూన్ ఆమె చెప్పింది ఆసాంతం విన్నాడు. ఇద్దరూ ఒకే ఏడాది ఉద్యోగంలో చేరినవాళ్లు. తొమ్మిదేళ్లుగా పక్కపక్క గదుల్లో పని చేస్తున్నారు.

"మీ వంటింటి చెవితో తెరుచుకుందా?" అన్నాడు.

"తెరుచుకుంది."

"అంటే తప్పు చెవిని తిరగనివ్వకుండా ఆపే పిన్నులు లోపల లేవు."

"చాలా వరకు లేనట్టే."

"చాలా బావుంది. ముసలాయన సోమవారం సగం పిన్నులు తీసేసి తాళం బిగించి వెళ్లాడు. బుధవారం రాత్రి ఎవడో ఏదో చెవితో తెరుచుకున్నాడు. ఆ సమయానికి తను దీవిలో ఉండేలా చూసుకున్నాడు. పడవ టిక్కెట్టు కూడా జేబులో భద్రంగా పెట్టుకున్నాడు. ఇప్పటిదాకా నాకు అర్థం కానిది ఒక్కటే, తాళం ఎలా తెరిచారని. అది నువ్వు చెప్పావు. ఈ మేలు మర్చిపోను నజీహా."

"అప్పుడే మేలు రాసుకోకు. తాళం విప్పి చూద్దాం."

"ట్యూనిస్ నుంచి నిపుణుడు సోమవారం వస్తాడు."

"సోమవారానికి ఆయన జైల్లో మూడు రాత్రులు గడిపి ఉంటాడు."

"గడపనీ. నేను పంపడం లేదుగా, ప్రాసిక్యూటర్ పంపుతాడు."

"తాళం విప్పడం తెలిసినవాడు మన కింద గదిలోనే ఉన్నాడు."

కమ్మూన్ నవ్వాడు. "దొంగతనం కేసులో దొంగ చేతికే తాళం ఇస్తావా? ఆయన వేలు దానికి తగిలిందా, ఆ తాళం సాక్ష్యంగా పనికిరాదు. నేనే రాస్తాను ఆ మాట."

"తగలదు. ఆయన చెబుతాడు, నేను చేస్తాను. నువ్వు పక్కన నిలబడి ఫోన్లో వీడియో తియ్యి."

"నేనా?"

"నీకన్నా నమ్మకమైన సాక్షి ఎవరున్నారు?"

అతను కాసేపు ఆలోచించాడు. తనకు నష్టమేమీ కనిపించలేదు. సరేనన్నాడు.

"ఆయన పనిముట్ల పెట్టె ఇవ్వు," అంది నజీహా.

"సీలు వేశాను. ప్రాసిక్యూటర్ సంతకం లేకుండా విప్పడానికి లేదు. చెంచాతో చేస్తావో, ఫోర్కుతో చేస్తావో నీ ఇష్టం."

*

1:35కి తయ్యిబ్‌ను పైకి తెచ్చారు. చేతులకు సంకెళ్లున్నాయి. కమ్మూన్ ఆయన్ను బల్లకు అవతలి వైపు, అడుగున్నర దూరంలో కూర్చోబెట్టాడు.

"బాబాయ్, సోమవారం ఈ తాళం మీరే బిగించారా?" అంది నజీహా.

"నేనే తల్లీ. కొత్తదే కొన్నాను. దొర్రమ్మ అడిగిందని విప్పి, కొట్లో ఇచ్చిన పిన్నులు మార్చి, వాటికి కొత్త చెవులు రెండు కోశాను. పాత చెవులు కొట్టువాడి దగ్గరా ఉండొచ్చు కదా."

"ఎన్ని పిన్నులు వేశారు?"

"ఐదు గుంతలు. ఒక్కో గుంతలో కింద ఒక పిన్ను, పైన ఒక పిన్ను, దాని మీద స్ప్రింగు. ఐదూ నింపాను. గుంత ఖాళీ పెట్టి తాళం ఇచ్చేవాణ్ణయితే నలభై ఏళ్లు కొట్టు నడిపేవాణ్ణా?"

"ఇది ఈవిడ వంటింటి చెవితో తెరుచుకుంటోంది పెద్దాయనా, ఏమంటావ్?" అన్నాడు కమ్మూన్.

ముసలాయన అతని వైపు చూడకుండా నజీహానే అడిగాడు. "నిజమా?"

"నా చెవితో తెరుచుకుంది బాబాయ్."

ఆయన సంకెళ్లతోనే రెండు చేతులూ ఎత్తి ముఖం తుడుచుకున్నాడు. "నన్ను దొంగన్నారు, సరే. ఏ చెవికైనా తెరుచుకునే తాళం నేను బిగించానని మాత్రం ఎక్కడా రాయకండి."

"విప్పాలి. ఎలా?"

"పెట్టె ఎక్కడ?"

"ఇవ్వరట."

"అయితే చేసుకోవాలి. ముందు తోడు కడ్డీ కావాలి."

ఆయన వివరించాడు. చెవి దూరి తిరిగే గుండ్రటి ఇత్తడి ముక్క సిలిండర్ మధ్యలో ఉంటుంది. దాన్ని ముందు నుంచి లాగేస్తే పైనున్న స్ప్రింగులు పిన్నుల్ని తోసేస్తాయి. అన్నీ ఎగిరి నేల మీద పడతాయి. ఏది ఏ గుంతలోదో ఇక ఎవరూ చెప్పలేరు. అందుకని వెనక నుంచి అంతే లావున్న కడ్డీని దాని వెంటే తోయాలి. ఇత్తడి ముక్క బయటికి వస్తూ ఉంటే కడ్డీ దాని చోట్లోకి వెళుతూ ఉండాలి. రెంటికీ మధ్య వెంట్రుకంత సందు కూడా ఉండకూడదు.

"లావెంత?"

"పదమూడు మిల్లీమీటర్లు. కొస చదునుగా ఉండాలి."

మార్కర్ పెన్ను సన్నగా ఉంది. చీపురు కర్ర లావుగా ఉంది. నజీహా కింద క్యాంటీన్‌కు వెళ్లి, వంటవాడి చేతిలోని చెక్క గరిటె తెచ్చింది. సూపు కలుపుతున్న గరిటె. వంటవాడు మెట్ల దాకా వెనకే వచ్చాడు.

"అది మా అత్తగారిదమ్మా!"

"కొత్తది కొనిస్తాను."

"అత్తగారినా?"

గరిటె కాడ ఒక చోట పద్నాలుగు మిల్లీమీటర్లు ఉంది. రొట్టె కోసే కత్తితో ఆ ముక్క తెగ్గోసి, కిటికీ బయటి సిమెంటు గట్టు మీద తిప్పుతూ రుద్దింది. తయ్యిబ్ కుర్చీలోంచే చూస్తున్నాడు.

"ఒక్కవైపే రుద్దకు, కోడిగుడ్డులా అవుతుంది. తిప్పు. ఇంకా తిప్పు. ఇప్పుడు కొస రుద్దు. నిలబెట్టి రుద్దు తల్లీ, వంచకు."

సిలిండర్ వెనక క్లిప్పు తీయడానికి పేపరు క్లిప్పును సాగదీసి, కొసను కొక్కెంలా వంచింది. పట్టకారు మందుల పెట్టెలో దొరికింది. పిన్నులు వరసలో పెట్టడానికి కోడిగుడ్ల అట్టలోంచి ఐదు గుంతల ముక్క కత్తిరించింది. బల్ల మీద తెల్ల తువ్వాలు పరిచి అంచులు మడిచింది. 

"ఎందుకా మడత?" అన్నాడు కమ్మూన్.

"పిన్ను దొర్లితే కింద పడకుండా," అన్నాడు తయ్యిబ్. "ఆమెకు చెప్పకుండానే తెలిసింది. నువ్వు నా కొట్లో ఒక్క పూట కూడా ఉండలేవు నాయనా."

"వీడియో నడుస్తోంది పెద్దాయనా, జాగ్రత్త."

"నడవనీ. అందులో నా మాట కూడా పడనీ."

1:58కి నజీహా దొర్రా చెవిని సిలిండర్లో పెట్టింది.

"కొంచెమే తిప్పు. గుంతలూ గుంతలూ ఎదురెదురుగా ఉండకూడదు. చాలు. ఇప్పుడు క్లిప్పు."

కొక్కెం మూడుసార్లు జారింది. నాలుగోసారి క్లిప్పు ఊడి తువ్వాలులో పడింది.

"కడ్డీ వెనక ఆనించు. ఆనిందా? చెవి పట్టుకుని లాగకు. వెనక నుంచి తొయ్యి, ముందున్నది దానంతట అదే వస్తుంది. ఊపిరి బిగబట్టకు, చెయ్యి వణుకుతుంది."

ఇత్తడి ముక్క బయటికి వచ్చింది. దాని చోట్లో గరిటె కాడ ఉంది. ఒక్క పిన్నూ ఎగరలేదు.

"చెవి తీసి అట్టలోకి ఒంపు," అన్నాడు తయ్యిబ్. ఆయన మెడ ముందుకు చాచి వింటున్నాడు.

ఒక పిన్ను పడింది. నజీహా ఇంకా వంచింది. మళ్లీ వంచింది. రెండోది పడలేదు.

"ఒకటే," అన్నాడు తయ్యిబ్. "ఇప్పుడు కడ్డీ మెల్లగా వెనక్కి."

సిలిండర్లోంచి ఒక పై పిన్ను, ఒక స్ప్రింగు పడ్డాయి. అంతే. ఐదు గుంతల్లో నాలుగు ఖాళీ.

"నేను చెప్పింది అదే," అన్నాడు కమ్మూన్. ఫోన్ బల్ల మీద పెట్టబోయాడు.

"తియ్యి, ఇంకా తియ్యి," అంది నజీహా. ఆమె పట్టకారుతో పై పిన్ను ఎత్తి దీపం కింద పెట్టింది. పిన్ను కొసకు ఏదో అంటుకుని ఉంది. ఎర్రగా ఉంది. భూతద్దంలో చూసింది. సిలిండర్ తిప్పి ఖాళీ గుంతల అంచులు చూసింది. మూడు అంచుల మీద అదే ఎర్ర పొట్టు ఉంది.

"బాబాయ్, ఇదేమిటి?"

కమ్మూన్ ఆయన్ను కుర్చీతో సహా అరడుగు ముందుకు రానిచ్చాడు. తయ్యిబ్ వంగి, భూతద్దంలోంచి చూశాడు.

"లక్క," అన్నాడు. "ఎవడో లక్క కడ్డీని తోడు కడ్డీగా వాడాడు. లావు సరిపోయి ఉంటుంది. కానీ లక్క మెత్తన. స్ప్రింగు తోస్తే పిన్ను అందులో దిగుతుంది, గుంత అంచు దాన్ని గీస్తుంది. ఈ సంగతి మొదటి తాళం విప్పేటప్పుడు ఎవరికీ తెలియదు. వీడికి ఇదే మొదటిది."

"అల్ గాబాలో లక్క పట్టుకుని కూర్చునేది ఒక్కడే," అంది నజీహా.

"సోమవారం ఈయన అక్కడ పని చేస్తున్నప్పుడు బల్ల మీద లక్క కడ్డీ కనపడదా?" అన్నాడు కమ్మూన్. "అందుకుని వాడుంటాడు. నీ లక్క ఎవరు తాళం విప్పారో చెప్పదు నజీహా. ఎప్పుడు విప్పారో అసలే చెప్పదు."

అతను అన్నదాంట్లో తప్పు లేదు. గడియారంలో 2:14.

నజీహా మళ్లీ పిన్ను ఎత్తింది. పట్టకారు కొస మెరిసింది. వేలితో తాకకుండా తెల్ల కాగితం మీద ఆనించింది. కాగితం మీద మచ్చ పడింది. మచ్చ పాకింది. సిలిండర్ వంచి ఖాళీ గుంతల్లోకి దీపం వేసింది. రెండు గుంతల అడుగున తడి ఉంది.

"నూనె," అంది.

తయ్యిబ్ కుర్చీలో వెనక్కి వాలాడు. "తాళంలో నూనెనా?"

"మీరు వేయరా?"

"పెన్సిల్ పొడి వేస్తాను తల్లీ. నూనె వేస్తే దుమ్ము పట్టి ఏడాదికల్లా బిగుసుకుంటుంది. ఈ ఊళ్లో అందరూ నూనే వేస్తారు. తలుపు కిర్రుమంటే నూనె, తాళం తిరక్కపోతే నూనె, చెవి నొప్పి పుడితే నూనె. మా కొట్టుకు వచ్చే తాళాల్లో సగం ఆ నూనె వల్లే వస్తాయి. వీడికి పిన్నులు వేళ్లకు నిలవలేదు. నూనె అద్ది అంటించుకున్నాడు. నేనైతే గ్రీజు వాడతాను."

"పెన్సిల్ పొడి, గ్రీజు, నూనె. ఏది వేశావో నీ మాటే కదా సాక్ష్యం," అన్నాడు కమ్మూన్.

నజీహా సంచి మీద రాసిన టైము చూసింది. ఫైలు తెరిచి దొర్రా చెప్పిన టైములు చూసింది. తర్వాత దొర్రాకు ఫోన్ చేసి స్పీకర్లో పెట్టింది.

"బుధవారం మీరు భోజనానికి వెళ్లేటప్పుడు సీసాలకు మూతలు ఉన్నాయా?"

"లేవు. మూతలు, ముద్రలు ఫర్హాత్ పనే."

"ఆ గదిలో ఇంకే నూనె అయినా ఉందా?"

"సోమవారమే గది మొత్తం ఖాళీ చేయించాను, తాళం మారుస్తున్నామని. ఆ మూడు సీసాలే మొదటివి."

"రెండు చుక్కల నూనె ఉంటే, అది ఆరో ట్యాంకుదో కాదో చెప్పగలరా?"

"ఒక్క చుక్క చాలు. ఎక్కడ దొరికింది?"

"తాళంలో."

"నేను చేస్తే ఒప్పుకోరు. ఆ కేసులో నేనూ ఉన్నాను."

"మీరు కాదు. రేవులో కస్టమ్స్ ప్రయోగశాల చేస్తుంది. బుధవారం మీ మెషీన్ ఇచ్చిన కాగితం ఎక్కడుంది?"

"ఇన్‌స్పెక్టర్ కమ్మూన్ గారు గురువారం పట్టుకెళ్లారు. కవర్లో పెట్టి సీలు వేశారు."

నజీహా ఫోన్ పెట్టేసింది. "కవరు విప్పావా?"

"లేదు," అన్నాడు కమ్మూన్.

"అందులో ఏముందో ఎవరికైనా చెప్పావా?"

"నేనే చదవలేదు. అంకెలు."

"విప్పకు. కస్టమ్స్ వాళ్ల అంకె వచ్చాక విప్పుదువు గాని. ఆరో ట్యాంకు నూనె బుధవారం 12:10 దాకా ఆ గదిలోకి రాలేదు. తాళంలో ఉన్నది అదే అయితే, తాళం విప్పింది బుధవారం మధ్యాహ్నం తర్వాత. 1:15కి గదికి తాళం పడేదాకా చెవీ, మూతల్లేని సీసాలూ ఉన్నది ఫర్హాత్ ఒక్కడి దగ్గరే. బాబాయ్ బుధవారం ఉదయం ఏడింటి పడవ ఎక్కాడు. ఆ టిక్కెట్టు నీ ఫైల్లోనే ఉంది."

కమ్మూన్ తలుపు దాకా నడిచి వెనక్కి వచ్చాడు. "మామూలు నూనె అని తేలితే?"

"తేలితే నీ కేసు ఇంకా గట్టిపడుతుంది."

"గట్టిపడటం కాదు. ఆ కాగితం నా ఫైల్లో మొదటి పేజీ అవుతుంది. నువ్వే పెట్టించావని రాస్తాను."

"రాసుకో."

ఆమె తయ్యిబ్ పక్కన కూర్చుంది. "బాబాయ్, కమ్మూన్ చెప్పింది విన్నారుగా. పరీక్షకు పంపాక నేను వెనక్కి తీసుకోలేను. ఇంకొక్కసారి అడుగుతున్నాను. సోమవారం ఆ తాళంలో నూనె చుక్క అయినా వేశారా? అలవాటు కొద్దీ అయినా?"

"లేదు తల్లీ."

"ఆ తాళం అమ్మిన కొట్లో?"

ఆయన ఆలోచించాడు. "కొత్త తాళంలో వాళ్లది పల్చటి గ్రీజు ఉంటుంది. నేను కడిగేశాను. కడగందే పొడి వేయను. పంపు."

2:26కి సిలిండర్ వీడియోతో సహా కస్టమ్స్ ప్రయోగశాలకు వెళ్లింది. కమ్మూన్ తన మనిషిని తోడు పంపాడు. గంట పడుతుందని అక్కడి కెమిస్టు చెప్పాడు.

వంటవాడు సూపు తెచ్చాడు. తయ్యిబ్ రెండు గుటకలు తాగి గిన్నె పక్కన పెట్టాడు. తన భార్యకు చక్కెర జబ్బని, మందులు ఎక్కడున్నాయో తనకొక్కడికే తెలుసని చెప్పాడు. కమ్మూన్ వెంటనే ఫోన్ తీసి ఆయన ముందు పెట్టాడు. ఆయన నంబరు చెప్పాడు. కమ్మూనే నొక్కాడు. "పచ్చ డబ్బా కాదు, తెల్లది. ఆ, తెల్లదే. భోంచేశాక," అని తయ్యిబ్ భార్యకు చెప్పి పెట్టేశాడు. ఎక్కడున్నాడో ఆమె అడగలేదా అని నజీహా అడిగింది. ఆమెకు తెలుసు తల్లీ అన్నాడు.

3:00కి కానిస్టేబుల్ వచ్చి వ్యాను సిద్ధంగా ఉందని చెప్పాడు. కమ్మూన్ ఆగమన్నాడు.

3:27కి కస్టమ్స్ కెమిస్టు ఫోన్ చేశాడు. స్పీకర్లో పెట్టారు.

"ఇది పూర్తిగా ఆలివ్ నూనె కాదు. సోయా కలిసింది. లినోలెనిక్ ఆమ్లం 2.9 శాతం ఉంది. ఆలివ్‌లో ఒకటి దాటకూడదు. మిగతా అంకెలు మెయిల్లో పంపాను."

కమ్మూన్ బీరువా తెరిచి కవరు తెచ్చాడు. సీలు వీడియోకు చూపించి చింపాడు. కాగితం మీద వేలు పెట్టి పై నుంచి కిందికి వెతికాడు.

"చదువు," అంది నజీహా.

"2.9."

మెయిల్లో వచ్చిన ఏడు అంకెల్నీ ఒక్కొక్కటిగా పోల్చాడు. ఐదు ఒకటే. రెండింట్లో తేడా 0.1. అతను కాగితం బల్ల మీద పెట్టి, జేబులోంచి చిన్న చెవి తీసి, తయ్యిబ్ చేతుల సంకెళ్లు విప్పాడు. తయ్యిబ్ మణికట్లు రుద్దుకున్నాడు.

నజీహా ప్రాసిక్యూటర్‌కు ఫోన్ చేసింది. ఆయన అంతా విన్నాడు.

"కాగితాలు బావున్నాయి. సీసాలు ఎక్కడ?" అన్నాడు.

"ఇంకా దొరకలేదు సార్."

"ఆ గుమాస్తా ఇల్లు సోదా చేయండి, అనుమతి ఇస్తున్నాను. ఏదీ దొరక్కపోతే ఇద్దర్నీ నాలుగింటికి నా ముందుకు తీసుకురండి. ఇద్దర్నీ విని అప్పుడు చెబుతాను."

కమ్మూన్ అప్పటికే కోటు వేసుకున్నాడు. "నేను వెళతాను."

"నేనూ వస్తాను."

"వద్దు. మొదటి తలుపు తప్పు తట్టింది నేను. ఇదీ నేనే తడతాను. నువ్వు ఈయన దగ్గర ఉండు."

ఫర్హాత్ ఘొర్బెల్ ఇల్లు స్టేషన్ నుంచి ఆరు నిమిషాలు. 3:49కి కమ్మూన్ ఫోన్ చేశాడు. అతని వెనక ఒక ముసలావిడ గట్టిగా మాట్లాడుతోంది.

"దొరికాయి," అన్నాడు. "మూడూ."

"ఎక్కడ?"

"రెండు మంచం కింద ఉన్నాయి, ముద్రలు చెక్కుచెదరలేదు. మూడోది వంటింట్లో పొయ్యి పక్కన. సగమే ఉంది."

"మిగతా సగం?"

"తిన్నారు. ఫర్హాత్ తల్లి చెబుతోంది, విను."

ఫోన్‌లో ముసలావిడ గొంతు దగ్గరగా వచ్చింది. "నూనె ఎవరైనా పారబోస్తారటమ్మా? బుధవారం రాత్రి వీడు సీసా మూత పగలగొట్టి కాలవలో ఒంపబోతుంటే నేనే చూసి లాక్కున్నాను. మిగతా రెండూ ముట్టుకుంటే చేతులు విరగ్గొడతానన్నాను. ఆ నూనె రుచి ఏం బాగోలేదు. అయినా సరే, పారబోస్తారా?"

"ఫర్హాత్?" అంది నజీహా.

"ఇక్కడే ఉన్నాడు," అన్నాడు కమ్మూన్. "ఇప్పుడు అంతా చెబుతానంటున్నాడు. ప్రాసిక్యూటర్‌తో నేను మాట్లాడాను. ముసలాయన్ని పంపించెయ్యి."

నజీహా ఫోన్ పెట్టేసింది. తయ్యిబ్ ఆమె ముఖం చూశాడు. ఆయన లేచి నిలబడ్డాడు, మళ్లీ కూర్చున్నాడు.

"నిజమా తల్లీ?"

"నిజం బాబాయ్. ఇంటికి వెళ్లండి."

ఆయన తువ్వాలు అంచుతో కళ్లు తుడుచుకున్నాడు. తువ్వాలు స్టేషన్‌దని గుర్తొచ్చి మడతపెట్టి బల్ల మీద పెట్టాడు.

3:56కి ప్రాసిక్యూటర్ కార్యాలయం నుంచి విడుదల ఉత్తర్వు ఫ్యాక్స్‌లో వచ్చింది. 4:06కి తయ్యిబ్ ట్రీకీ రిజిస్టరులో సంతకం చేసి, ముందు తలుపు గుండా బయటికి వెళ్లాడు.